యాప్‌లో నంబరు కాదు, రోడ్డుకు దూరం చూడండి

ఇళ్ళ ప్రకటనల్లో "మెయిన్ రోడ్డుకు ఆనుకుని" అన్న మాటను పెద్దక్షరాల్లో వేస్తారు. కొనేవాళ్ళూ అద్దెకు దిగేవాళ్ళూ దాన్ని సౌకర్యం కిందే లెక్కేసుకుంటారు. మరి పొగ సంగతేమిటని ఎవరైనా అడిగితే ఫోన్ తీసి ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, యాప్ చూపించడం ఈమధ్య మామూలైపోయింది. "చూడండి, పచ్చరంగులోనే ఉంది, గాలికేం ఢోకా లేదు" అంటారు. ఆ నంబరు అబద్ధమని నేననను. కానీ అది ఆ ఇంటిని కొలిచి చెప్పిన నంబరు కాదు. రోడ్డు పక్క ఇంట్లో ఎలాంటి గాలి పీలుస్తామో తెలుసుకోవాలంటే యాప్ కన్నా కొలత టేపు ఎక్కువ పనికొస్తుందన్నది నా అభిప్రాయం. ఎందుకో వివరంగా రాస్తాను.

కాటాకు చిక్కని పొగ

చాలా రోజుల్లో ఏక్యూఐని తేల్చేది పీఎం 2.5. అంటే ఒక ఘనపు మీటరు గాలిలో 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్న కణాలన్నీ కలిసి తూగే బరువు. ఇక్కడ బరువు అన్న మాట దగ్గర ఆగాలి. ఇంజిన్ గొట్టంలోంచి వచ్చే కణాల్లో, లెక్కకు చూస్తే, చాలావరకు 0.1 మైక్రాన్ కన్నా చిన్నవే. వీటిని అతిసూక్ష్మ కణాలంటారు. 0.05 మైక్రాన్ల కణం కన్నా 2.5 మైక్రాన్ల కణం వ్యాసం 50 రెట్లు ఎక్కువ. కాబట్టి పెద్దది ఒక్కటి తూగే బరువుకు చిన్నవి 50×50×50, అంటే 1,25,000 కావాలి. గాలిలోకి లక్షల కణాలు కొత్తగా వచ్చి చేరినా కాటాలో ముల్లు కదలదు.

పైగా పీఎం 2.5లో పెద్ద వాటా ఊరంతటికీ ఉమ్మడిది. ఎక్కడో పుట్టి గాలికి కొట్టుకొచ్చింది కొంత, వాయువుల నుంచి గాలిలోనే తయారైంది కొంత. అందుకే రోడ్డు అంచున కొలిచినా, అర కిలోమీటరు లోపలికి వెళ్ళి కొలిచినా పీఎం 2.5లో తేడా కొద్దిగానే కనబడుతుంది. అదే రెండు చోట్లా అతిసూక్ష్మ కణాల సంఖ్య, మసి, నైట్రిక్ ఆక్సైడ్ కొలిస్తే తేడా రెట్లలో ఉంటుంది.

అరచేతిలో పట్టే చవక మీటర్లు కొన్నవాళ్ళు ఇక్కడే మోసపోతారు. అవి కణాల మీద లేజరు కాంతి వేసి, చెదిరిన వెలుగును బట్టి లెక్క కడతాయి. దాదాపు 0.3 మైక్రాన్ల కన్నా చిన్న కణం వాటి కంటికి ఆనదు. బాల్కనీలో పెడితే 22, వెనక గదిలో పెడితే 21 చూపించిందంటే రెండు గాలులూ ఒకటేనని కాదు, తేడా ఉన్నచోట ఆ పరికరానికి చూపు లేదని. పొగమంచు పట్టిన పొద్దున దీనికి తలకిందుల తప్పు చేస్తుంది: నీటి తుంపర్లను కూడా దుమ్ముగా లెక్కేసి నంబరు పెంచేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో పీఎం 2.5కి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, నైట్రోజన్ డయాక్సైడ్‌కి 10 మైక్రోగ్రాములు అని గీత గీసింది. అతిసూక్ష్మ కణాలకు గీత గీయలేదు గానీ, ఒక ఘనపు సెంటీమీటరులో రోజు సగటున 1,000 లోపుంటే తక్కువనీ, 10,000 దాటితే ఎక్కువనీ ఒక కొలమానం ఇచ్చింది. మన ఫోన్లలో కనబడే ఏక్యూఐ లెక్కలో ఈ సంఖ్యకు చోటే లేదు.

మొదటి వంద మీటర్లు

లాస్ ఏంజిలస్‌లో 405, 710 ఫ్రీవేల (సిగ్నళ్ళు లేని పెద్ద రహదారుల) పక్కన, రోడ్డు అంచు నుంచి దూరం జరుగుతూ కణాల సంఖ్యను కొలిచిన పరిశోధనలు 2002లో వచ్చాయి. పగటిపూట, రోడ్డు దాటిన గాలి వీచే వైపు, మొదటి 100 మీటర్లలోనే సంఖ్య సగానికి పైగా పడిపోయింది. 300 మీటర్లకు వెళ్ళేసరికి, గాలి ఇంకా రోడ్డు దాటని అవతలి పక్కన ఎంత ఉందో ఇక్కడా అంతే ఉంది. పొగ గాలిలో కలిసి పలచబడటం ఒక కారణం, చిన్న కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోవడం మరొకటి.

నైట్రోజన్ డయాక్సైడ్ ఇంత తొందరగా తగ్గదు. గొట్టంలోంచి ఎక్కువగా బయటికొచ్చేది నైట్రిక్ ఆక్సైడ్. దారిలో అది ఓజోన్‌తో కలిసి డయాక్సైడ్ అవుతుంది. అంటే రోడ్డు దాటాక కూడా అది తయారవుతూనే ఉంటుంది. ఇవన్నీ కలిపి చూసే అమెరికాలోని హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ 2010 నివేదికలో, పెద్ద రోడ్డుకు 300 నుంచి 500 మీటర్ల లోపు ప్రాంతం మీద ప్రభావం ఎక్కువని తేల్చింది.

ఇదంతా పగటి మాట. తెల్లవారుజాము కథ వేరు. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, పైనున్న వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. గాలి వీచదు, పైకి లేవదు. కాలిఫోర్నియాలో శాంటా మోనికా దగ్గర సూర్యోదయానికి ముందు కొలిస్తే, రోడ్డు మీద బండ్లు తక్కువే ఉన్నా, పొగ జాడ 2 కిలోమీటర్ల దాకా కనబడింది. స్వచ్ఛమైన గాలి అనుకుని జనం నడకకు బయల్దేరేదీ, కిటికీలు బార్లా తెరిచేదీ సరిగ్గా ఆ వేళకే. పెద్ద రోడ్డు దగ్గర ఉన్నవాళ్ళకు ఎండెక్కి గాలి కదిలాక, మధ్యాహ్నం వేళ, కిటికీ తెరవడం మేలు.

దూరం ఒక్కటే చాలదు, ఆ రోడ్డు మీద ఏం తిరుగుతుందో కూడా చూడాలి. మసి వడగట్టే ఫిల్టర్ లేని, లేదా దాన్ని పీకేసిన, పాత డీజిల్ లారీ ఒక్కటి ఎన్నో పెట్రోలు కార్ల పాటి మసి వదులుతుంది. నిలకడగా సాగే బండి కన్నా, ఆగి మళ్ళీ ఎత్తుకునే బండి పొగ ఎక్కువ. అందుకే ఒకే రోడ్డు మీద కూడా సిగ్నల్ దగ్గర, బస్‌స్టాపు దగ్గర, ఫ్లైఓవర్ ఎక్కే ఎత్తు దగ్గర ఉన్న ఇళ్ళకు దెబ్బ ఎక్కువ. రెండు పక్కలా ఎత్తైన భవనాలుంటే వీధి కాలువలా తయారవుతుంది. పైన గాలి అడ్డంగా వీస్తుంటే లోపల సుడి తిరిగి, గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపు భవనాల గోడ వెంటే పొగ పైకి ఎగబాకుతుంది. ఎదురు వరసకు గాలి తగులుతోంది కాబట్టి వాళ్ళకే పొగ అనుకుంటాం. జరిగేది దానికి తలకిందులు. అలాంటి వీధిలో మూడో అంతస్తు కదా అని ధైర్యపడటానికి లేదు. రెండు పక్కలా ఖాళీగా ఉన్న రోడ్డయితే మాత్రం ఎత్తుకు వెళ్ళే కొద్దీ తగ్గుతుంది.

నన్నడిగితే, రద్దీ రోడ్డుకు 50 మీటర్ల లోపు ఇల్లు గత్యంతరం లేకపోతేనే. 50 నుంచి 150 మీటర్లలో ఏ గది ఎటు తిరిగి ఉందో చూసుకుని నిర్ణయించుకోవాలి. 300 మీటర్లు దాటాక ఆ ఒక్క రోడ్డు గురించి బెంగ పడక్కర్లేదు.

"ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాం, మాకేమైంది?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. కెనడాలోని ఒంటారియోలో లక్షలాది మందిని పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పెద్ద రోడ్డుకు 50 మీటర్ల లోపు ఉన్నవాళ్ళకు మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, వచ్చే అవకాశం 300 మీటర్లకు అవతల ఉన్నవాళ్ళ కన్నా 7 శాతం ఎక్కువ. 50 నుంచి 100 మీటర్ల మధ్య 4 శాతం. ఒక మనిషికి ఇది చాలా చిన్న తేడా. మన వీధిలో ఫలానా ఆయనకు ఇది రోడ్డు వల్లే వచ్చిందని వేలెత్తి చూపించలేం. లక్షల మంది రోడ్ల పక్కనే ఉన్నప్పుడు ఆ 7 శాతం ఎన్ని ఇళ్ళవుతుందో ఆలోచిస్తేనే దాని బరువు తెలుస్తుంది.

అన్ని జబ్బులకూ సాక్ష్యం ఒకే బలంగా లేదు. పైన చెప్పిన హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూటే 2022లో 353 అధ్యయనాలను తిరగేసి చూసింది. అకాల మరణాలు, ముఖ్యంగా గుండె జబ్బులతోనూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనూ వచ్చేవి, పిల్లల్లోనూ పెద్దల్లోనూ కొత్తగా ఆస్తమా మొదలవడం, చిన్నపిల్లల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు: వీటికి బండ్ల పొగతో ఉన్న సంబంధం గట్టిదని చెప్పింది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. మతిమరుపు విషయంలో నాకింకా అంత నమ్మకం లేదు. దూరంతో పాటు రాత్రిపూట చప్పుడు కూడా మారుతుంది. జబ్బుకు కారణం పొగా, నిద్ర చెడగొట్టే హారనా అన్నది విడదీయడం కష్టం. రోడ్డు చప్పుడు రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. రోడ్డు పక్క ఇళ్ళ దగ్గర అది నిలబడే మాట కాదు.

ఇంకో పెద్ద అనుమానం పేదరికం. రోడ్డు పక్కన ఉండేవాళ్ళలో చాలామంది వేరేచోట ఉండే స్తోమత లేనివాళ్ళు. తిండి, పని, వైద్యం అన్నీ వేరు. మరి జబ్బు పొగదా, లేమిదా? దీనికి జవాబు చెప్పిన అధ్యయనాల్లో రెండు నాకు బాగా నచ్చుతాయి. మొదటిది లండన్‌లోది, 2007లో ప్రచురితమైంది. ఆస్తమా ఉన్న 60 మంది పెద్దవాళ్ళను ఒకరోజు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండు గంటలు, ఇంకోరోజు హైడ్ పార్కులో రెండు గంటలు నడిపించారు. అదే మనిషి, అదే ఊపిరితిత్తులు, అదే ఆదాయం. మొదటి సెకనులో బయటికి ఊదగలిగే గాలి డీజిల్ బస్సులు, టాక్సీలు తిరిగే వీధిలో 6.1 శాతం దాకా తగ్గింది. పార్కులో తగ్గుదల అంతకన్నా బాగా తక్కువ. ఆ తగ్గుదల అన్నిటికన్నా నిలకడగా ముడిపడింది అతిసూక్ష్మ కణాలతో, మసితో. యాప్ చూపించనివే.

రెండోది అమెరికాలో టోల్‌ప్లాజాలది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో బండి ఆపకుండానే టోల్ కట్టే పద్ధతి వచ్చాక, ప్లాజాల దగ్గర బండ్లు బారులు తీరడం తగ్గింది. ప్లాజాకు 2 కిలోమీటర్ల లోపున్న తల్లులకు నెలలు నిండకుండా పుట్టే పిల్లలు 10.8 శాతం, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు 11.8 శాతం తగ్గారు. అదే రోడ్డు వెంట, ప్లాజాకు దూరంగా ఉన్నవాళ్ళతో పోల్చి చెప్పిన లెక్కలివి. అక్కడ ఉండే తల్లుల స్థితిగతుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. బండ్లు ఆగడం మానేశాయి, అంతే.

నా వాదనకు పనికొచ్చే ప్రతి అధ్యయనాన్నీ కళ్ళకద్దుకోవాలని లేదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ సమయంలో ట్రాఫిక్ తగ్గించడంతో పిల్లల ఆస్తమా కేసులు 40 శాతానికి పైగా తగ్గాయన్న మాటను ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. ఆ తర్వాత మళ్ళీ లెక్కలు చూస్తే, ఆ రోజుల్లో ఓజోన్ చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ తగ్గిందనీ, ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు లేదనీ తేలింది. కాబట్టి ఆ ఉదాహరణను నేను వాడను.

పిల్లల విషయంలో మాత్రం నాకు తటపటాయింపు లేదు. దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లలను పదేళ్ళ వయసు నుంచి ఎనిమిదేళ్ళ పాటు కొలుస్తూ వచ్చి 2007లో ప్రచురించారు. ఫ్రీవేకి 500 మీటర్ల లోపు పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు, 1,500 మీటర్ల అవతల పెరిగిన పిల్లలంత ఎదగలేదు. ఊరంతటికీ ఉన్న కాలుష్యాన్ని పక్కనబెట్టి చూసినా ఈ తేడా అలాగే ఉంది. ఊపిరితిత్తులు ఎదిగేది ఇంచుమించు ఇరవై ఏళ్ళ లోపే. ఆ వయసులో చేరని ఎదుగుదల తర్వాత వచ్చి చేరదు.

లండన్‌లో రద్దీ రోడ్డుకు 30 మీటర్ల లోపే ఉన్న తొమ్మిదేళ్ళ పాప 2013లో ఆస్తమాతో చనిపోయింది. 2020 డిసెంబరులో అక్కడి విచారణాధికారి ఆ మరణానికి కారణాల్లో ఒకటిగా వాయు కాలుష్యాన్ని నమోదు చేశారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: గాలి వల్ల పాపకున్న ముప్పు గురించి తల్లికి ఎవరూ చెప్పలేదని, చెప్పి ఉంటే ఆమె తగిన చర్యలు తీసుకునేదని, వాటితో ఆ మరణం తప్పేదేమోనని. ఈ వ్యాసం రాయడానికి నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పురిగొల్పింది ఆ వాక్యమే.

తలుపులు మూస్తే సరిపోతుందా

ఒక గది తీసుకోండి: 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, అంటే 36 ఘనపు మీటర్లు. కిటికీలు తెరిచి ఉంటే గదిలో గాలి గంటకు 5 సార్లు మారిపోతుందనుకుందాం. లోపలి గాలి బయటి గాలికి నకలే, 95 శాతం పైన. కిటికీలు మూస్తే సందుల్లోంచి గంటకు అర వంతు గాలి మారుతుంది. గోడలకు, నేలకు అంటుకుని పోయేది గంటకు 0.2 వంతు అనుకుంటే, లోపల బయటున్నదానిలో ఇంకా 70 శాతం ఉంటుంది. మూసిన కిటికీ చప్పుడును ఆపినంతగా కణాలను ఆపదన్నమాట.

ఆ గదిలో గంటకు 180 ఘనపు మీటర్ల గాలిని వడగట్టే ప్యూరిఫయర్ పెడితే, అంటే గదిలో గాలిని గంటకు 5 సార్లు శుభ్రం చేస్తే, మూసిన గదిలో కణాలు 9 శాతానికి దిగుతాయి. అదే మెషీన్ కిటికీ తెరిచిన గదిలో సగానికే తగ్గించగలదు. కొన్నవాళ్ళు పని చేయట్లేదని పక్కన పడేయడానికి కారణం ఇదే. రెండో కారణం వేగం. డబ్బా మీద రాసిన అంకె ఫుల్ స్పీడుది. రాత్రి ఆ చప్పుడు భరించలేక తక్కువ స్పీడులో పెడితే సగమో మూడో వంతో వస్తుంది. అందుకని లెక్కలో 180 వస్తే 360 ఉన్నది తీసుకుని సగం స్పీడులో నడపాలి. ప్యూరిఫయర్‌లో ఉండే సన్నటి పోగుల హెపా ఫిల్టర్ అతిసూక్ష్మ కణాలను పట్టదేమోనన్న భయం అక్కర్లేదు. మరీ చిన్న కణాలు తిన్నగా పోకుండా అటూ ఇటూ కొట్టుకుంటూ పోగులకు తగిలి అంటుకుంటాయి. హెపాకు అన్నిటికన్నా కష్టమైనవి 0.1 నుంచి 0.3 మైక్రాన్ల మధ్యవి. నైట్రోజన్ డయాక్సైడ్‌ను మాత్రం హెపా ఆపదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు మందంగా ఉండాలి. నల్లపొడి అద్దిన పలచటి షీటు త్వరలోనే నిండిపోతుంది. అయాన్లు, ఓజోన్ వదిలే మెషీన్ల జోలికి వెళ్ళకండి. ఓజోన్ కూడా ఊపిరితిత్తులకు పడదు.

వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. కిటికీలన్నీ మూసి ఫ్యాన్ వేస్తే, అది బయటికి తోసినంత గాలి ఎక్కణ్ణుంచో లోపలికి రావాలి. రోడ్డు వైపు కిటికీ సందుల్లోంచి, వీధి తలుపు కింద నుంచి వస్తుంది. కొన్నాళ్ళకు ఆ సందుల వెంట నల్లటి మసి గీత పడుతుంది. రబ్బరు బీడింగ్ ఎక్కడ వేయాలో ఆ గీతే చూపిస్తుంది. ఫ్యాన్ వేసేటప్పుడు రోడ్డుకు అవతలి వైపు కిటికీ ఒకటి తెరిచి ఉంచితే చాలు. అలాగని ఫ్యాన్ మానేయకూడదు. మూసిన ఇంట్లో వంట పొగ రోడ్డు పొగను మించిపోతుంది.

అన్నీ బిగించేస్తే గాలి ఆడక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఇద్దరు పడుకున్న గదిలో తెల్లారేసరికి 1,000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో వెయ్యి వంతులు) సులువుగా దాటుతుంది. ఏసీ ఉందిగా అనుకుంటారు, కానీ మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, ఉన్న గాలినే చల్లబరుస్తుంది. దాని జాలీ నూగును ఆపుతుంది గానీ పొగను కాదు. వెనక వైపు కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి, ప్యూరిఫయర్‌ను కాస్త పెంచడం నేను మెచ్చే మధ్యేమార్గం. ఇవన్నిటికన్నా ముందు, డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగింది పడకగది మార్చడం. పిల్లల మంచం రోడ్డు వైపు గదిలో ఉంటే వెనక గదిలోకి మార్చండి. రోజులో మూడో వంతు వాళ్ళు ఆ మంచం మీదే ఉంటారు.

చెట్లు, గోడలు, కరెంటు బండ్లు

చెట్లు నాటితే పొగ ఆగుతుందన్న నమ్మకంలో సగమే నిజం. కింద నుంచి పై దాకా ఖాళీ లేకుండా, కనీసం 5 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల మందం ఉన్న దట్టమైన వరస పొగను పైకి మళ్ళిస్తుంది. కాండాల మధ్య సందులున్న వరస ఆపదు. ఇరుకు వీధిలో గొడుగులా కమ్ముకున్న చెట్లు కింది పొగను కిందే ఉంచేస్తాయి. రోడ్డు పక్క కట్టే గట్టి గోడ, చప్పుడు కోసం కట్టినదైనా, దాని వెనకున్నవాళ్ళకు పొగ కూడా తగ్గిస్తుంది.

కరెంటు బండ్లు వస్తే గొట్టం పొగ పోతుంది, మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు పోతాయి. అది చిన్న లాభం కాదు. టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము మిగులుతాయి. బ్యాటరీ బరువుకు టైర్ల అరుగుదల పెరగొచ్చు. బ్రేకు అరుగుదల తగ్గుతుంది, ఎందుకంటే మోటారే బండిని నెమ్మదింపజేస్తుంది. యూరప్ కొత్తగా తెచ్చిన యూరో 7 నిబంధనల్లో బ్రేకుల నుంచి రాలే కణాలకు కూడా హద్దు పెట్టింది. అయితే పాత డీజిల్ లారీ రోడ్డు దిగిపోవడానికి ఏళ్ళు పడుతుంది. ఈ ఏడాది ఇల్లు వెతుక్కునేవాళ్ళు దాన్ని నమ్ముకుని ఆగలేరు.

ఇల్లు చూడ్డానికి ఏ వేళకు వెళ్ళాలి

మామూలుగా సెలవు రోజు మధ్యాహ్నం వెళతారు. గాలి అన్నిటికన్నా పలచగా, రోడ్డు ఖాళీగా ఉండేది అప్పుడే. పనిరోజు పొద్దున్నే, తెల్లారక ముందు ఒకసారి, రద్దీ మొదలయ్యాక ఒకసారి వెళ్ళండి. పది నిమిషాలు నిలబడి లారీలు, బస్సులు లెక్కపెట్టండి. బండ్లు ఎక్కడ ఆగి ఎత్తుకుంటున్నాయో చూడండి. మ్యాపులో రోడ్డు అంచు నుంచి పడకగది కిటికీ దాకా దూరం కొలవండి. కిటికీ చట్రం లోపలి అంచును తెల్లటి తడి గుడ్డతో తుడిస్తే మట్టి దుమ్మయితే గోధుమరంగులో, మసి అయితే నల్లగా జిడ్డుగా వస్తుంది.

ఇప్పటికే అక్కడ ఉంటూ నిజంగా కొలవాలనుకునేవాళ్ళకు నైట్రోజన్ డయాక్సైడ్ పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టాలుంటాయి. కరెంటు అక్కర్లేదు, నేలకు 2 నుంచి 4 మీటర్ల ఎత్తులో బయట తగిలించి, నాలుగు వారాల తర్వాత మూత పెట్టి ల్యాబుకు పంపాలి. ఒకటి రోడ్డు వైపు, ఒకటి వెనక వైపు, ఒకేసారి తగిలించండి. గొట్టం చెప్పే అంకెలో 25 శాతం దాకా తేడా ఉండొచ్చు. అయినా ఒకే ల్యాబు, ఒకే నెల కాబట్టి రెండు వైపులకూ మధ్య తేడా ఎంతో బాగానే తెలుస్తుంది. పిల్లల మంచం ఏ గదిలో వేయాలో తేల్చుకోవడానికి అది చాలు.